కార్డు చెల్లని చోట నా ముందు పన్ను

నా ముందు పన్ను పీతను కొరికితే విరిగింది. దోహా పక్కనున్న అల్ వక్రా రేవులో అప్పుడే పడవ దిగిన పీత, అన్నం పళ్ళెమంత ఉంది, డెక్కలు నా మణికట్టంత లావు. సోమవారం సాయంత్రం నుంచి అందరికీ ఇలాగే చెప్పాను. ఒకరిద్దరికి ఆ డెక్క నా మీసం పట్టుకుందని కూడా చెప్పాను. చదివేవాళ్ళ దగ్గర దాపరికమెందుకు, నేను కొరికింది జంతిక. అదీ టీలో నానిన జంతిక. ఆ మాట చెబితే మా ఆవిడ వంటకు చెడ్డపేరొస్తుందనే పీతను కల్పించానని నన్ను నేను కొంతసేపు నమ్మించుకున్నాను. అదీ నిజం కాదు. పీతయితే వినడానికి బాగుంటుంది, అంతే.

పన్ను సగానికి విరిగింది. దిగులు దాని గురించి కాదు, శుక్రవారం గురించి. దోహాలో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన శుక్రవారమే. పాస్టరు అయ్యగారు పుస్తకంలో పాట అంకె చెప్పగానే ఒక పెద్దాయన మొదటి పంక్తి ఒంటరిగా ఎత్తుకోవాలి, ఆయన శృతికే తక్కినవాళ్ళంతా కలవాలి, మా పద్ధతి అది. చాలా ఏళ్ళుగా ఆ ఎత్తుకునే మనిషిని నేనే. మాది గోదావరి. నా పక్క కుర్చీలో కూర్చునే పెద్దమనిషిది కృష్ణా జిల్లా. నాకు జలుబు చేస్తే అందరికంటే ముందు తేనె సీసా తెచ్చేదీ ఆయనే, అయ్యగారి చెవిలో "నేనున్నానండీ" అనేదీ ఆయనే. పాట ఎత్తుకోవడం ఒకసారి చేయి మారిందంటే మళ్ళీ వెనక్కి రాదని మా ఇద్దరికీ తెలుసు.

విరిగిన పన్నుతో నేను "స్తోత్రం" అంటే కుక్కర్ ఈల వినిపిస్తోంది.

మంగళవారం ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్న వక్రా క్లినిక్‌కు వెళ్ళాను. డాక్టరు మంచివాడే. ఎక్స్‌రే చూసి, హిందీలో నెమ్మదిగా, పీకేద్దామన్నాడు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నాక కట్టుడు పన్ను పెడతారట. అప్పటిదాకా సందు ఉంటుందట. ఎన్నాళ్ళని అడిగాను. "ఇన్‌షా అల్లా, జల్దీ" అన్నాడు. ఇన్నేళ్ళుగా ఖతర్‌లో ఉన్నవాణ్ణి, ఆ మాటకు ఎన్ని నెలలైనా పట్టవచ్చని తెలుసు.

ఇంటికి చేరేసరికి కృష్ణా జిల్లా నుంచి, అంటే పక్క కుర్చీ నుంచి, ఫోను. క్లినిక్ కబురు అప్పటికే ఆయనకు చేరింది.

"పీకించేసుకో అన్నయ్యా. ఆ ముక్కతో ఎందుకు అవస్థ. పాటల సంగతి నేను చూసుకుంటాలే."

ఆ చివరి మాటతో నాకు పంటి నొప్పి పోయి ఒళ్ళంతా మంట మొదలైంది. సంఘంలో ఆడవాళ్ళందరినీ అడిగి చూడమని మా ఆవిడను తొందరపెట్టాను. ఆమె ఫోను మీద ఫోను చేసి ఒక కబురు పట్టుకొచ్చింది. దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో మన తెలుగమ్మాయే పళ్ళ డాక్టరు ఉందట, వీలైనంతవరకూ పన్ను పీకదట.

"కానీ మన కార్డు అక్కడ చెల్లదంటండీ" అంది. "ముందు మనమే కట్టుకుని బిల్లు పంపితే, ఎంతోకొంత తిరిగి ఇస్తారో లేదో. చేతిలో కార్డు పెట్టుకుని అంత దూరం దేనికి?"

"మరి శుక్రవారం పాట?"

"మీరు ఎత్తుకోకపోతే ఆరాధన ఆగిపోతుందా ఏం?"

ఆమె ఎదురుగా నిలబడి "స్తోత్రం" అన్నాను. పొయ్యి మీద కుక్కర్ పెట్టానా అని ఆమె వంటింట్లోకి తొంగి చూసింది. తర్వాత నవ్వి, నవ్వి, నా చెప్పులు తెచ్చి గుమ్మంలో పడేసింది.

"పదండి. ఈ ఈలతో నేను కాపురం చెయ్యలేను."

మా ఇల్లున్న అల్ వుకైర్ నుంచి టాక్సీలో వక్రా స్టేషన్‌కు, అక్కడి నుంచి మెట్రో. దారంతా నాకు పెళ్ళికి వెళుతున్నట్టుంది.

డాక్టరమ్మది జగిత్యాల దిక్కు. మా అమ్మాయి వయసు.

"ముందుగాలనే చెప్తున్న అంకుల్, మీ కార్డు ఈడ నడ్వది. పైసలు వాపసొస్తయని నేనైతే చెప్ప. ఎట్ల ఇరిగింది?"

"పీత..." అన్నాను.

"జంతిక" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది, వేలితో తట్టింది. తర్వాత కుర్చీ నిటారుగా చేసి, "మీరు పాడుతరంట గద. ఒక్కసారి పాడుండ్రి, గాలి ఏడికెళ్ళి పోతుందో చూస్త" అంది. ఇంతవరకూ ఏ డాక్టరూ నన్ను నోరు తెరవమన్నాడే గాని పాడమనలేదు. పాడాను. ఆమె నా నాలుక ఎక్కడ తగులుతోందో వంగి చూసింది.

"వేరు గట్టిగనే ఉన్నది. నరం తీసి తొడుగేస్త. ఎన్నేండ్లు నిలుస్తదో గ్యారంటీ లేదు గని, పీకుడైతే నాతోని కాదు. మంచిగ ఆలోచన చేసుకోండ్రి."

చాలాసేపు అన్నీ తూచి నిర్ణయించానని ఆఫీసులో చెప్పాను. నిజానికి ఆమె ఇంకా మాట్లాడుతుండగానే నోరు తెరిచి వెనక్కి వాలిపోయాను.

నొప్పి లేస్తే ఎడమ చెయ్యి లేపమంది. యంత్రం ఝుయ్యిమనగానే నేను లోపల ప్రార్థన మొదలుపెట్టాను. మాకు ప్రార్థన ముదిరితే చేతులు వాటంతట అవే లేస్తాయి. నా చెయ్యి లేచింది. ఆమె ఆపేసింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ లేచింది.

"నొప్పా అంకుల్?"

కాదని తలూపాను.

"ఆయన ప్రార్థనలో ఉన్నారమ్మా, నువ్వు కానియ్యి" అని మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

గురువారం తొడుగు పెట్టారు. కుక్కర్ ఈల పోయింది గాని సన్నగా పిచ్చుక కూత మిగిలింది. డాక్టరమ్మ తొడుగు అంచు కొంచెం అరగదీసి, "అనుండ్రి" అనేది. నేను "స్తోత్రం" అనేవాణ్ణి. మళ్ళీ కొంచెం గీకేది, మళ్ళీ నేను అనేవాణ్ణి. ఉన్నట్టుండి ఆ మాట శుభ్రంగా, గుండ్రంగా బయటికొచ్చింది. పట్టలేక పాట మొత్తం అందుకున్నాను. బయట కూర్చున్నవాళ్ళు ఆమేన్ అన్నారని సంఘంలో చెప్పాను. ఎవరూ అనలేదు. రిసెప్షన్‌లో అమ్మాయి లేచొచ్చి తలుపు మూసింది.

శుక్రవారం అంకె చెప్పగానే పక్క కుర్చీ గొంతు సవరించుకుంది. నేను లేచి ఎత్తుకున్నాను. పన్ను కదల్లేదు, గాలి పోలేదు, ఒక్క అక్షరమూ జారలేదు. సంతోషంలో శృతి ఒక్కటే ఎక్కడికో వెళ్ళిపోయింది. మా పద్ధతి ప్రకారం నేను ఎక్కడ ఎత్తుకుంటే సంఘమంతా అక్కడికి ఎక్కాల్సిందే. ఎక్కారు. ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని ఎక్కారు. కృష్ణా జిల్లా పెద్దమనిషి మెడనరాలు తాళ్ళలా లేచాయి.

మొదటి చరణం అవగానే ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"పన్ను బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా. కాస్త కిందికి దించు, మా పళ్ళు రాలేటట్టున్నాయి."

నిజమే, రెండో చరణానికి దించాల్సింది. దించలేదు.