సర్వే సారు లెక్కలో మా ఇంటామె

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో సర్వే సారు చనిపోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది.

ఊరూరా తిరిగి ఎవరు ఏం పని చేస్తారో రాసుకునే సర్కారు ఉద్యోగం ఆయనది. మా ఊరు లక్కూరు వస్తే మా అరుగు మీదే మకాం. ఏడో తరగతి దాటని నాకు జీడీపీ అంటే ఏమిటో నేర్పిన గురువు ఆయనే. దానికి దేశాలన్నీ కూర్చుని నియమాలు రాసుకున్నాయట. మా ఆవు పాలు మేమే తాగినా దేశం ఉత్పత్తిలోకి వస్తాయి. చేలో రాగులూ అంతే. వాటిని ముద్దగా కెలికే చేతులు మాత్రం లెక్కలోకి రావు. "బంగారం భూమిలో ఉన్నంతకాలం ఉత్పత్తి కాదప్పా, పైకి తెస్తేనే," అనేవారు. అక్కడి నుంచి గని కూలీ అయిన వాళ్ల నాయన కథలతో గనిలోకి దిగితే మధ్యాహ్నానికి గానీ పైకి వచ్చేవారు కాదు. నేనూ అంతే, దారి తప్పుతున్నాను.

ఏ ఇంట్లోనైనా ప్రశ్న రెండుసార్లు అడిగేవారు. మొదటిసారి అలవాటు జవాబిస్తుందనీ, రెండోసారి మనిషి జవాబిస్తాడనీ ఆయన నమ్మకం.

చివరిసారి వచ్చినప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులు ఆబగా తినే రోజులు. మా ఇంటామె మల్బరీ మోపులతో వస్తుంటే ఆయనే కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. ఆమె పనేమిటని అడిగారు.

"యాం పని సార్, ఇంట్లోనే ఉండాది," అన్నాను.

తలకిందులుగా చదవడం నాకు వచ్చు. 'ఇంటిపని మాత్రమే' అని రాసి పెన్సిలు కింది వరసకు పోయింది. రెండోసారి అడగలేదు. ఇదేమిటన్నాను.

"నువ్వు చెప్పిందే రాసినానప్పా."

గుమ్మంలో మోపు దించి ఆమె అంది: "మా ఆవు పాలకుండే లెక్క కూడా నాకు లేదా సార్?"

ఆయన ఫారం దిద్దలేదు. ఇచ్చిన పాలు తాగి వెళ్లారు.

తప్పు నా నోటిది, కాదనను. కానీ నేను అలవాటుగా అన్నాను, ఆయన చూస్తూ చూస్తూ రాశారు. ఆ కాగితం ప్రకారం మా పురుగులు వాటంతట అవే ఆకు కోసుకుని గూళ్లు కట్టుకున్నాయి. పేపర్లో జీడీపీ అని కనబడితే ఇప్పటికీ ఆయన గొంతే వినిపిస్తుంది. నేర్పినవాణ్ణి మరవడం నాకు చేతకాదు. మన్నించడమూ చేతకాలేదు.

మొన్న ఫోన్ రాగానే, సారు మట్టికి వెళదాం రమ్మని మా ఇంటామెతో అన్నాను.

"దండ నీ పేరుతోనే వెయ్యి. నాకు ఆకు కోసేది ఉండాది," అంది.

బస్సు కిటికీలోంచి మా మల్బరీ తోటలో ఆమెను చూశాను. మోపు ఎత్తడానికి పక్కన ఎవరూ లేరు. మోకాలు ఆనించి, ఒకసారి జారితే మళ్లీ పట్టుకుని, తానే నెత్తికెత్తుకుంది.