ఎండపొద్దు తెరవని తలుపు

చిట్యాలలో యాదమ్మ పేరెత్తితే చాలు, ఆ వాడ ఆడవాళ్లు మూతి తిప్పుకుంటారు. చేట అడిగినా, చెంబెడు మంచినీళ్లడిగినా మిట్టమధ్యాహ్నం ఆమె తలుపు తీయదు. జనగామ నుంచి వచ్చిన ఇంగ్లీషు టీచరు పద్మలత పోయిపోయి ఆ ఇంట్లోనే అద్దెకు దిగింది.

ఒకనాడు పాఠంలో 'డిసొబ్లైజింగ్' అన్న మాట వచ్చింది. "చేతకాని వాళ్లను ఈ మాట అనొద్దు. చేయగలిగి కూడా, అడిగిన చిన్న సాయం చేయని వాళ్లనే అనాలె" అని చెప్పి, దాహమన్న మనిషికి నీళ్లివ్వని ఒక ఇల్లాలిని ఉదాహరణగా చెప్పింది పద్మలత. "టీచర్, గది మా యాదవ్వే గదా!" అంటూ పిల్లలు గొల్లుమన్నారు. పద్మలత కాదనలేదు. లోలోపల కాస్త సంతోషపడింది కూడా.

ఆ ఆదివారం ఎండ నిప్పులు చెరుగుతోంది. యాదమ్మ, పద్మలత ఇద్దరూ తలుపు వేసుకుని చింతపండు గింజలు తీస్తున్నారు. గడప అవతల ఎవరో మగమనిషి, దాహంతో ఎండిపోయిన గొంతుతో పిలిచాడు.

"యాదీ, జర నీళ్లియ్యే."

పద్మలత చెంబు ముంచుకుని లేచింది. యాదమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. అంత ఎండలోనూ ఆ చెయ్యి చల్లగా ఉంది.

"పోకు బిడ్డా. మనిషైతె మల్ల పిలుస్తడు. మనిషి కాంది ఒక్కసారే పిలుస్తది."

మళ్లీ పిలుపు రాలేదు. పోతున్న అడుగుల చప్పుడూ లేదు. తలుపు కింది సందులో మాత్రం రెండు పాదాల నీడ కదలకుండా ఉంది. పద్మలత భయంతో యాదమ్మ పక్కకు జరిగింది.

"ఎవరవ్వా అది?"

"మా ఇంటాయిన, బక్కయ్య."

బక్కయ్య పోయి చాలా ఏళ్లయిందని పద్మలత వచ్చిన కొత్తలోనే విన్నది.

"తునికాకుకు పోయి, ఎండదెబ్బ తగిలి గా గడప కాడ కూలబడ్డడు. ఒక్కసారే పిలిచిండు. పెద్దలు చెప్పినట్టు రెండో పిలుపు కోసం లోపల్నే కూసున్న. తలుపు తీసేసరికి పానం పోయింది. అప్పటిసంది ఎండలు ముదిరితె గిట్లనే వస్తడు."

పద్మలతకు భయం పోయి ఏడుపొచ్చింది. పాపం, చచ్చినా ఆ మనిషికి దాహం తీరలేదు.

"ఆయనే అని ఇప్పుడు ఎరుకే గదా అవ్వా. ఒక్క చెంబెడు నీళ్లియ్యరాదా?"

నీడ ఇంకా అక్కడే ఉంది. యాదమ్మ ఆమె చేతిలోని చెంబు తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"ఇస్తె తాగి పోతడు. మల్ల ఎందుకొస్తడు బిడ్డా?"