రేనాటి కాలపు బట్ట కోసం: ఆలంపూర్ నుంచి మాధవరం దాకా

పోయిన ఏడాది కర్నూలులో మా బృందం ఒక చిన్న ప్రదర్శన ఇచ్చింది. రేనాటి చోళుల కాలంలో, అంటే కడప సీమలో తెలుగులో తొలి శాసనాలు చెక్కుతున్న రోజుల్లో, ఒక ఊళ్ళో శాసనం రాయి నిలబెట్టిన సందర్భాన్ని జనం కళ్ళముందు పెట్టాలని మా తాపత్రయం. మాటల కోసం నెలల తరబడి కష్టపడ్డాం గానీ బట్టలు మాత్రం నాటకాల సామాను అద్దెకిచ్చే షాపు నుంచి తెచ్చాం. మఖ్మల్ కోట్లు, జిగేలుమనే కిరీటాలు, పాలిస్టర్ పంచెలు. ప్రదర్శన సగంలో ఉండగా ముందు వరసలో కూర్చున్న ఒకాయన గట్టిగానే అడిగేశాడు, "ఏమప్పా, ఈ ఎండల్లో మనోళ్ళు మఖ్మల్ కోట్లేసుకొని తిరిగినారా?" అని. అందరూ నవ్వారు. వేదిక మీద ఉన్న మాకూ నవ్వాగలేదు. ఈసారి ఆధారం ఉన్న బట్టలే కట్టాలని ఆ మర్నాడే అనుకున్నాం. తీరా వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, అంత పాత గుడ్డముక్క ఒక్కటీ మిగల్లేదని. మిగిలినవి రాళ్ళే. పద్నాలుగు వందల ఏళ్ళనాటి బట్టను రాళ్ళమీద చదువుకోవాలి.

నేను కర్నూలులో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. అదే స్కూల్లో తెలుగు చెప్పే ఎస్తేరు మా బృందంలో అందరికంటే చిన్నది. ప్రాచీన తెలుగు వాక్యాల్ని ఆ పిల్ల చదివితే ఇప్పుడే ఎవరో మనతో మాట్లాడినట్టుంటుంది. గుడికి భూమి దానమిచ్చే స్త్రీ పాత్ర ఆమెకిచ్చాం. ఆ పాత్ర మేం కల్పించుకున్నదే, నాటకమంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఈసారి ప్రదర్శన ఎర్రగుంట్ల వైపు ఒక ఊళ్ళో పెట్టుకున్నాం. ఇంకా నెలన్నర ఉందనగా ఎస్తేరు వాళ్ళ అమ్మ సుగుణమ్మ నుంచి నాకు ఫోన్ వచ్చింది. "గుళ్ళల్లో బొమ్మలకుంటాయే, ఆ మాదిరి బట్టలైతే మా పాప రాదు టీచరమ్మా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అందుకని ఈ ప్రయాణంలో నాకు రెండు పనులు. ఆ కాలానికి దగ్గరివైన ఆలంపూర్ శిల్పాలు చూడటం, మైదుకూరు దగ్గరున్న వాళ్ళ ఊరికి వెళ్ళి సుగుణమ్మతో మాట్లాడటం. ఆమె ఒప్పుకుంటే మర్నాడు మాధవరం మగ్గాల దగ్గర బట్ట నేయమని చెప్పి రావడం. ఎస్తేరు నా వెంటే బయల్దేరింది.

ఫిబ్రవరి చివరి శనివారం తెల్లవారుతుండగా కర్నూలు కొత్త బస్టాండు దగ్గర ఆటో మాట్లాడుకున్నాం. ఆలంపూర్ పాతిక కిలోమీటర్ల లోపే, తుంగభద్ర దాటితే తెలంగాణ. వెయిటింగుతో కలిపి రానూపోనూ ఎనిమిది వందలు. డ్రైవర్ ఖాజా నడివయసు మనిషి, దారి పొడుగునా ఆగకుండా మాట్లాడాడు. నవబ్రహ్మ ఆలయాల దగ్గర దిగేసరికి సూర్యుడు అప్పుడే గోడలమీదికి ఎక్కుతున్నాడు. ఆ వేళకు వెళ్ళడం మా అదృష్టం. ఎర్రరాతి మీద ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, మధ్యాహ్నమైతే కంటికి ఆనని సన్నటి గీతలు నీడలు పట్టి పైకి తేలతాయి. నడుము చుట్టూ మెలితిప్పి పక్కకు ముడేసిన పట్టీ, కాళ్ళ మధ్య విసనకర్రలా పరుచుకున్న కుచ్చిళ్ళు, తొడమీద వంపు తిరిగిన కొస. కుట్టు అన్న మాటే లేదు, అంతా చుట్టడం, దోపడం, ముడేయడం. నేను గీసుకుంటుంటే ఎస్తేరు చున్నీని నడుముకు చుట్టుకుని ముడి ఎటు నుంచి ఎటు పోయిందో చేసి చూసేది. ఒక కట్టు కుదరడానికి మూడు నాలుగు సార్లు విప్పాల్సి వచ్చింది.

ఖాజా కూడా మా వెనకే తిరిగాడు. స్వర్గబ్రహ్మ ఆలయం గోడమీద ఒక జంట శిల్పం దగ్గర ఆగి, నెమ్మదిగా అడిగాడు.

"మేడమ్, తప్పుగా అనుకోవద్దు. ఈమెకు పైన ఏం ల్యాదు గదా. మన పాప గూడా ఇట్లనే నిలబడల్లనా?"

"లేదు ఖాజాభాయ్, పైన ఏదో ఒకటి ఉంటుంది. ఏమిటన్నదే వెతుకుతున్నాం" అన్నాను.

వెనక్కి తిరిగి చూస్తే ఎస్తేరు మెట్టుమీద కూర్చుని ఉంది. "మేడమ్, మా అమ్మకే కాదు, నాకూ ఇష్టం లేదు" అంది. "మీరు ఇంత కష్టపడుతుంటే చెప్పలేక ఊరుకున్నా. ఆ పాత్ర వదలాలన్నా ప్రాణం ఒప్పుకోదు."

నాకు కోపం రాలేదు, సరేనన్నాను. ఆ మాట ప్రదర్శన రోజు వేదిక ఎక్కే ముందు కాక, ఇక్కడే బయటికొచ్చినందుకు నిమ్మళంగా అనిపించింది. ఆ తర్వాత ఇద్దరం దేవతల్నీ అప్సరసల్నీ వదిలేసి చిన్నచిన్న బొమ్మల వెంట పడ్డాం. ఒక చెలికత్తె బొమ్మకు ఎదమీద అడ్డంగా పట్టీలాంటిది కనిపించింది. రాయి అరిగిపోయింది కాబట్టి అది గుడ్డో నగో నేను గట్టిగా చెప్పలేను. పొలం పనికో నీళ్ళకో పోయే మామూలు ఆడమనిషి బొమ్మ మాత్రం మాకు ఒక్కటీ దొరకలేదు. ఖాజా కర్నూలు బస్టాండులో దింపుతూ, ఇస్తానన్న డబ్బు తీసుకున్నాక చాయ్ మాత్రం తన లెక్కలో తాగించాడు. "జరా జాగ్రత్తగా చూసుకోండి మేడమ్ పాపను" అన్నాడు.

కర్నూలు నుంచి కడప వెళ్ళే ఎక్స్‌ప్రెస్ నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి మీదుగా మైదుకూరు చేరడానికి నాలుగు గంటలు పట్టింది. ఆంధ్రలో ఉండే ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మైదుకూరులో దిగి షేర్ ఆటోలో ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు దారి పక్క కళ్ళాల్లో ఆరబోసి ఉన్నాయి. సుగుణమ్మ ఎకరం పొలం చేసుకుంటూ కూలికి కూడా పోతుంది. భర్త లేడు. చర్చి పక్క సందులో రెండు గదుల ఇల్లు. చేతుల పసుపు కడుక్కుని వచ్చి ముందు నీళ్ళిచ్చింది, ఆ తర్వాత కొర్రన్నం, ఊరుబిండి పచ్చడి పెట్టింది. మేం తినేదాకా ఏమీ అడగలేదు. తిన్నాక ఎదురుగా గోడకానుకుని కూర్చుంది.

"టీచరమ్మా, నా బిడ్డను యాడ నిలబెడతాండావు? ఏం కట్టి నిలబెడతాండావు?"

నేను జవాబు చెప్పే లోపే తనే మొదలుపెట్టింది.

"మా యమ్మ మార్తమ్మ పెండ్లయ్యేదాంకా రైకె ఎరగదు. ల్యాక గాదు, ఏసుకోనియ్యల్యా. పెద్దోళ్ళ చేన్లో కూలికి పోతే ఒట్టి కొంగే. చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ ఒకామె తెల్లగుడ్డతో రైకె కుట్టిచ్చింది. అది ఏసుకొని పోయిన దినం చేనాయన 'ఏందే, దొరసానివైతివే' అని పదిమందిలో నగినాడంట. మా యమ్మ తీయల్యా. మర్సటి దినం గూడా అదే ఏసుకొని పోయింది. అట్లాంటామె కడుపున పుట్టినదాన్ని నేను. ఇప్పుడు మీరొచ్చి, పాతకాలం అని చెప్పి, నా బిడ్డను రైకె తీయమంటే యట్లమ్మా?"

నా చేతిలో పొద్దున్నుంచి తీసిన ఫోటోలున్న ఫోనుంది. దాన్ని పక్కన పెట్టేశాను.

"అమ్మా, మేడమ్ తీయమని అనల్యా" అంది ఎస్తేరు. "నాకిష్టం లేదని పొద్దున నేనే చెప్పినా. సరేనన్నారు. అయితే ఏం కట్టుకోవల్లనో మాకే తెలీల్యా. దొరసానుల బొమ్మలుండాయి, దేవతల బొమ్మలుండాయి. మనలాంటోళ్ళ బొమ్మ ఒక్కటి గూడా ల్యాదు."

సుగుణమ్మ నా వైపు చెయ్యి చాచింది. "ఏదీ, ఆ బొమ్మలు చూపీ."

ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. కొన్నింటిని చప్పున జరిపేసింది. కాళ్ళ మధ్య నుంచి కుచ్చిళ్ళు వెనక్కి దోపిన బొమ్మ దగ్గర ఆగి, అంతసేపటికి మొదటిసారి నవ్వింది. "ఇది నాట్లప్పుడు మేం పెట్టే గోచే గదా! ఈమెకు నగలు ఎక్కువ, అంతే." లోపలికి పోయి పాత నూలు చీర తెచ్చి, కూతుర్ని నిలబెట్టి ఆమె చుడిదార్ మీదే కట్టడం మొదలుపెట్టింది. నేను ఫోటో చూస్తూ నడుం పట్టీ ముడి ఎటు రావాలో చెబుతున్నాను, ఎస్తేరు ఊపిరి బిగబట్టి నిలబడింది. కింది కట్టు కుదిరాక మిగిలిన కొసను చంకల కిందుగా ఎదమీద రెండు చుట్లు బిగించి, కొనను వీపు మీదుగా తెచ్చి భుజం దగ్గర ముడేసింది సుగుణమ్మ. చూడటానికి ఎంత బాగుందో! పైది మేం చూసిన ఏ శిల్పంలోనూ అచ్చంగా అలా లేదు, ఉండే వీలు లేదని చెప్పే శిల్పమూ లేదు. కింది కట్టు రాళ్ళను చూసి కట్టింది, పైది మా ఊహ అని ప్రదర్శనకు ముందే జనానికి చెప్పేయాలని నేనూ ఎస్తేరూ అనుకున్నాం.

"ఆడ గాలి తోలితే? ముడి జారితే?" అంది సుగుణమ్మ. "ఇది నీళ్ళమాదిరి గుడ్డ, నిలవదు. ముతకది కావల్ల. రేపు మగ్గం కాడికి నేనూ వస్తా. గుడ్డ చూసినంకనే పంపేదీ లేనిదీ చెప్తా."

ఆదివారం కాబట్టి పొద్దున ఆరాధన అయ్యాక ముగ్గురం బయల్దేరాం. మైదుకూరు నుంచి కడపకు గంట లోపే. అక్కడ ఒంటిమిట్ట, రాజంపేట వైపు వెళ్ళే బస్సెక్కితే మాధవరం దారిలోనే వస్తుంది. ఊళ్ళోకి నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. తెలిసినవాళ్ళు చెప్పిన ఇల్లు ఓబుళయ్యది. ఆయన గుంత మగ్గంలో కాళ్ళు పెట్టుకుని జరీ అంచు చీర నేస్తున్నాడు. భార్య లక్ష్మీదేవమ్మ పక్కనే నూలు కండెలు చుడుతోంది. విషయం చెప్పగానే ఆయన నాడె ఆడించడం ఆపి నవ్వాడు.

"అంచు ల్యాకుండా, రంగు ల్యాకుండా, ముతక నూలుతోనా? నాయనా! ఉప్పు ల్యాని సంగటి మాదిరి ఉంటాది గదమ్మా. నేను నేసినానని ఎవురికీ చెప్పొద్దండి."

పైగా ఆ నెలంతా నూలిచ్చే సావుకారు చెప్పిన చీరలే నేయాలట, తీరదన్నాడు. నేను బతిమాలడం మొదలుపెట్టేలోపే సుగుణమ్మ వెళ్ళి లక్ష్మీదేవమ్మ పక్కన చాపమీద కూర్చుంది. "ఇది నా బిడ్డ. మన పాత తెలుగు రాయి చదువుతాది. పదిమందిలో చదివేటప్పుడు ఒంటిమీద గుడ్డ కదలగూడదు. అదొక్కటే నాకు భయం" అంది. లక్ష్మీదేవమ్మ ఎస్తేరును దగ్గరికి పిలిచి, "ఏదీ, ఒక మాట చదువు పాపా" అంది. ఎస్తేరు కళ్ళు మూసుకుని తన పాత్ర మాటలు చెప్పింది. అయిపోయాక లక్ష్మీదేవమ్మ మొగుడి వైపు తిరిగి, "ఈ చీర దిగినంక నేసీ. సావుకారుతో నేను చెప్తా" అంది. ఓబుళయ్య తల గోక్కున్నాడు, ఆ తర్వాత అటక మీదనుంచి ముతక నూలు చుట్టలు, వాళ్ళ మాటలో చిలుపలు, దించాడు.

ఆ నూలుతో ఎప్పుడో నేసిన తువ్వాలు ముక్క తెచ్చి ఇస్తే సుగుణమ్మ దాన్ని వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండకు అడ్డం పట్టి చూసింది. నలిపింది, ముడేసి లాగింది. ముడి కదల్లేదు. లోపలికొచ్చి నాతో, "సరే టీచరమ్మా. ఈ గుడ్డయితే పంపిస్తా" అంది. ఎస్తేరు గుమ్మం దగ్గరే వాళ్ళమ్మను పట్టుకుని ఏడ్చేసింది. లక్ష్మీదేవమ్మ అందరికీ ఉగ్గాని, బజ్జీలు పెట్టి గానీ కదలనివ్వలేదు. దానమిచ్చే స్త్రీకి ఒక బట్ట, మగవాళ్ళకు నాలుగు పంచెలు, భుజాన వేసుకునే పైగుడ్డలు చెప్పి, సగం డబ్బు ముందిచ్చి వచ్చాం. అన్నీ కలిపినా పోయినసారి అద్దెకన్నా ఓ వెయ్యి మాత్రమే ఎక్కువైంది, ఇవి మావే.

ప్రదర్శన రోజు సాయంత్రం నిజంగానే గాలి లేచింది. షామియానా గుడ్డలు ఎగిరెగిరి పడుతున్నాయి. సుగుణమ్మ తెర వెనక కూతురికి తన చేత్తోనే కట్టి, భుజం ముడిని రెండుసార్లు లాగి చూసి, వెళ్ళి జనంలో కూర్చుంది. కింది కట్టు రాళ్ళను చూసి కట్టింది, పైది మా ఊహ అని నేను ముందే మైకులో చెప్పేశాను. ఎస్తేరు ఆ తెల్లటి ముతక బట్టలో రాయి పక్కన నిలబడి దానపు మాటలు పలుకుతుంటే వెనక వరసల్లో సెల్ ఫోన్లు దించేశారు. బట్ట ఎక్కడా కదల్లేదు. ఆ పిల్ల గొంతూ వణకలేదు. అయిపోయాక సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుని, "మా యమ్మ ఉంటే ముందు కూర్చొని చూసుండేది" అంది.

రాళ్ళలో దొరికిందెంత, మనుషుల దగ్గర దొరికిందెంత అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మనసులో మాట ఎస్తేరు మెట్టుమీద కూర్చుని చెప్పేసినందుకు, ఎవరూ అడగలేని ప్రశ్న ఖాజా అడిగినందుకు, నేర్చుకోవడానికి వచ్చిన నన్ను సుగుణమ్మ గుమ్మంలోనే ఆపకుండా అన్నం పెట్టి మరీ నిలదీసినందుకు ఎంతో రుణపడి ఉన్నాను. పాతకాలాన్ని ఉన్నదున్నట్టు తెస్తామని బయల్దేరతాం గానీ, దాన్ని తొడుక్కోవాల్సింది ఇవాళ్టి ఒళ్ళు. ఆ ఒంటికి దాని సొంత చరిత్ర ఉంటుంది. ఆధారం ఎంతవరకో, ఊహ ఎక్కడ మొదలైందో చెప్పేస్తే చూసేవాళ్ళు చిన్నచూపు చూడరు. మమ్మల్ని అలా చూడలేదు సరికదా, ఇంకా దగ్గరికొచ్చి అడిగి తెలుసుకున్నారు.

ఇలాంటి బట్టలు మీరూ నేయించుకోవాలనుకుంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ముతక నూలు మొదటి ఉతుకులో బాగా కుదించుకుంటుంది. మా పంచెలు జానెడు పొట్టివై, ఇద్దరు మగవాళ్ళు మోకాళ్ళు కనబడేలా నిలబడాల్సి వచ్చింది. కొలత చెప్పేటప్పుడే ఒక మూర ఎక్కువ చెప్పండి, బట్ట చేతికొచ్చాక రెండుసార్లు ఉతికి ఆరేసి, ఆ తర్వాతే కట్టు సాధన చేయండి.