బూడిద రంగు బండి మీద అనుమానం

ఒరెస్తెకు చప్పుడు చెయ్యని దేని మీదా నమ్మకం లేదు. పిల్లి నడిచొస్తే, "ఏదో ఎత్తుకుపోవడానికే" అనేవాడు. కొత్త డాక్టరు మాట్లాడకుండా నాడి పట్టుకుంటే చెయ్యి లాక్కుని, "ఏం దాస్తున్నావో ముందది చెప్పు" అని నిలదీశాడు.

నలభై ఏళ్లు మెకానిక్కుగా బతికిన అతనికి అరవై ఏళ్లనాటి ఎర్రటి రేసుకారు ఉంది. రెండే సీట్లు. స్టార్ట్ చేస్తే కొండమీది ఆ ఊళ్లో కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి. ఎక్కడ ఆపితే అక్కడ నూనె కార్చేది. "నిజాయితీగల బండి. నొప్పేస్తే నలుగురిలో ఏడుస్తుంది" అని మురిసిపోయేవాడు.

అలాంటివాడి మేనకోడలు, పంతులమ్మ లొరెదానా, వసంతకాలంలో బూడిద రంగు ఫ్యామిలీ కారు కొనుక్కొచ్చింది. ఐదు సీట్లు. ఇంజన్ ఆడుతోందో లేదో కూడా తెలియదు.

ఒరెస్తె దాని కింద దూరాడు. "చుక్క నూనె లేదు!"

"మంచిదేగా, మావయ్యా?"

"మంచిదా? ఎక్కడ దాస్తోందో కనిపెట్టాలి."

వేసవి ముగిశాక ఒకరోజు ఉన్నట్టుండి పరీక్ష ప్రకటించాడు. ప్రతి గురువారం రెండు బళ్లూ ఒకే ఘాట్ దారిలో కింది పట్నం దాకా వెళ్లాలి. "ఐదు సీట్ల బండిని ఖాళీగా పరీక్షించడం మోసం. బరువు కావాలి" అంటూ దెసొలీనా, నీవెస్, ఆర్జియా అనే ముగ్గురు ముసలమ్మల్ని పట్టుకొచ్చాడు.

దెసొలీనా, పక్కింటివాళ్లు సూప్ పంపితే మూత తియ్యకుండానే తిప్పి పంపే మనిషి. "నా బరువుతో నీకేం పని?" అంది.

"సాయం చెయ్యక్కా. ఎనభై కిలోల నికార్సైన బరువు ఈ ఊళ్లో ఇంకెక్కడ దొరుకుతుంది?"

"డెబ్బై తొమ్మిది!" అని కసురుతూనే ఎక్కింది.

పట్నంలో వాళ్లు సంత చేసుకునేవారు. దెసొలీనా కంటి ఆసుపత్రికి వెళ్లొచ్చేది. ఒరెస్తె మళ్లీ కారు కింద దూరేవాడు. తీర్పు ఎప్పుడూ ఒకటే. "అనుమానం తీరలేదు. వచ్చే గురువారం చూద్దాం."

పదకొండు నెలలు గడిచాయి. వారం మధ్యలో దొరికే ఒక్క సెలవూ పరీక్షకే పోతుంటే లొరెదానాకు విసుగెత్తింది. పట్నం గ్యారేజీలో తనిఖీ చేయించి కాగితం తెచ్చి, ఆ గురువారం బయల్దేరే ముందు చర్చి మెట్ల దగ్గర అందరికీ చదివి వినిపించింది. "ఏ లోపమూ లేదు. పరీక్షలు అయిపోయాయి!"

బుట్టలతో నిలబడ్డ ముసలమ్మలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"పట్నం బస్సు నిరుడే ఆపేశారాయె. చలికాలం ఎలాగే?" అంది నీవెస్ మెల్లగా.

"నోర్ముయ్. అడుక్కుని ఎక్కుతామా?" దెసొలీనా కారు తలుపు మీద వేసిన చెయ్యి తీసేసి ఇంటిదారి పట్టింది.

లొరెదానా మావయ్య వైపు తిరిగింది. అతను ఆమె చేతిలోంచి తీసుకున్న కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తున్నాడు. పరీక్షలు మొదలైంది తను కారు కొన్నప్పుడు కాదు, బస్సు ఆగిపోయిన వారం. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

గబగబా వెళ్లి బానెట్‌కు చెవి ఆనించింది. "ఆగండాగండి! ఎడమవైపు ఏదో..."

ఒరెస్తె కూడా చెవి పెట్టాడు. "నాకేం వినపడట్లేదే?"

"నా అనుమానమూ అదే, మావయ్యా."

ఒరెస్తె గొంతు సవరించుకున్నాడు. "దెసొలీనక్కా! బరువు తక్కువైంది, వెనక్కి రా!"

ఆమె కాసేపు బెట్టు చేసి, వచ్చి ఈసారి దర్జాగా ముందు సీట్లో కూర్చుంది. "ముందు బరువు లేకుండా ఇదేం పరీక్షో! పోనియ్ పిల్లా, మంచి చేపలన్నీ అయిపోతాయి."