పొద్దెక్కినా పడుకున్న మనిషి

యశోద కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు ఒక మాట చెవిలో వేసింది. పొద్దెక్కాక మగమనిషి మంచం మీద ఉంటే ఇంట్లో లక్ష్మి నిలవదట. ఆవిడ పోయినా ఆ మాట పోలేదు, యశోద దాన్నే పట్టుకుని కూర్చుంది.

ఆమె భర్త సాంబయ్యకు నరసరావుపేట దగ్గర మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ. తెల్లారి బండి మీద రొంపిచెర్లలో ఇల్లు చేరేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. అతను అలా ఒళ్లు వాల్చడం, ఈవిడ ఇలా లేపడం. ఊరంతా పనుల్లోకి పోతుంటే నువ్వు పడుకున్నావేందయ్యా అని సాధింపు. పాపం, అతను కళ్లు నులుముకుంటూ లేచి చేనికి పోయేవాడు. పైగా తనకు నిద్రే అక్కర్లేదని టీకొట్టు దగ్గర గొప్పలు కూడా పోయేవాడు, అదేదో ఘనకార్యమైనట్టు. ఏళ్ల తరబడి ఇదే తంతు. బీపీ ఉందని తేలినా, మాత్రలు మింగుతున్నాడు గదా అని ఇద్దరికీ ధీమా.

ఈ ఏడు మిరప కోతల్లో సాంబయ్య గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్లంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగేస్తోంది. గ్యాసే అనుకుని వాము నమలమంది యశోద. పక్కచేను వాళ్లు ఆమె మాట వినకుండా ఆటో ఎక్కించబట్టి మనిషి దక్కాడు.

పేట ఆసుపత్రిలో గుండెకు స్టెంట్ వేశాక, రోజూ ఎంతసేపు పడుకుంటాడని డాక్టరమ్మ అడిగింది. ఏళ్లుగా పగలు సరిగా పడుకున్నదే లేదని యశోద ఒప్పుకుంది. నిద్రలోనే బీపీ దిగుతుందనీ, గుండెకు కాస్త తెరిపి దొరికేది అప్పుడేననీ, ఏళ్లుగా అది లేకపోతే మాత్రలొక్కటే ఏం చేస్తాయనీ ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. బీడీలు కూడా మానాలంది. యశోదకు బీడీల సంగతి చెవికెక్కలేదు. రోజూ లేపింది నేనే గదా అని వరండాలో కుమిలిపోయింది.

కోలుకున్నాక సాంబయ్య పగటి డ్యూటీ అడిగాడు. ఖాళీ వచ్చేదాకా రాత్రే తప్పదన్నారు. అందుకని యశోద పొద్దున్నే కిటికీకి పాత దుప్పటి కట్టి, గుమ్మంలో కాపలా కూర్చుంటోంది. మొన్న వరసకు బాబాయయ్యే గోవిందయ్య వచ్చి, ఇంత పొద్దెక్కినా పడకేందని గొంతెత్తాడు.

"మెల్లగా మాట్లాడు బాబాయ్" అంది యశోద. "లక్ష్మి పోతే పోనీ. నాకు మనిషి కావాలి."

గోవిందయ్య చెప్పులు చేత్తో పట్టుకుని వాకిలి దాటాడు.