రేకుల జంతువు

డెబ్బైల చివర్లో ఏటూరునాగారం అవతల ఒక అడవి ఊళ్లో టీచరుగా చేరాను. మాది ఖిలా వరంగల్. ఏనుగు తొండం, సింహం ఒళ్లు కలిపి చెక్కిన రాళ్ల మధ్య పెరిగినదాన్ని. మనుషులు జంతువులను ఎలా కల్పిస్తారో నాకు తెలుసనుకునేదాన్ని.

ఒకరోజు కట్టెలు తెచ్చే ముసలవ్వ చెప్పింది. "గుట్ట కాడ ఒకటి తిరుగుతాంది టీచరమ్మా. ఒంటినిండ ఇనుప రేకులే. నోట్ల పండ్లే లేవు. ముట్టుకుంటే బంతి లెక్క సుట్టుకుంటది, పులి సుత ఇప్పలేదు."

తెల్లారి బడిలో పిల్లలదీ అదే మాట. నాకు ఒళ్లు మండింది. అలాంటి జంతువు లేదని బోర్డు మీద రాసి, అందరిచేతా పలకల మీద రాయించాను.

ఆ సాయంత్రమే అవ్వ నా చెయ్యి పట్టుకుని గుట్ట దగ్గరికి తీసుకుపోయింది. పుట్ట పక్కన అది చీమలు తింటోంది. వాలుతున్న ఎండకు రేకులు రాగిలా మెరుస్తున్నాయి. తోక మీద దాని పిల్ల. మా అలికిడికి పిల్లను పొట్ట కిందికి లాక్కుని, దాని చుట్టూ బంతిలా ముడుచుకుపోయింది.

నేను అవ్వ వైపు తిరిగాను.

"పిల్ల సంగతి చెప్పలేదేం అవ్వా?"

"రేకులకే నమ్మకపోతివి బిడ్డా. పిల్లను దాసుకుంటదంటే నమ్ముదువా?"