మస్తాన్‌బీ అక్క, రెండు నీటికుక్క పిల్లలు

కడిగి కొత్తగా నింపిన సిమెంటు తొట్టి దగ్గర బ్లీచింగ్ పౌడరూ పాచీ కలిసిన వాసన ఒకటి వస్తుంది. ఈ ఉదయం మా జూలో మొసళ్ళ తొట్టికి నీళ్ళు పడుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. మస్తాన్‌బీ అక్క గుర్తొచ్చి, చేతిలో టీ చల్లారిపోయింది. నెల్లూరు తీరంలోని ఓ చిన్న జూలో నేను పశువైద్యురాలిగా చేరిన కొత్తలో, ఆమె అక్కడ జంతువులకు మేత పెట్టేది. హోదాలో నాకంటే ఎన్నో మెట్లు కింద, పనిలో నాకు గురువు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే.

ఆ ఏడాది చిట్టమూరు దగ్గర రొయ్యల గుంట కట్టను పొక్లెయిన్‌తో తవ్వుతుంటే, బొరియలోంచి రెండు నీటికుక్క పిల్లలు బయటపడ్డాయి. తల్లి జాడ లేదు. చేపల ట్రేలో వేసి, గోనెపట్టా కప్పి మా దగ్గరికి తెచ్చారు. కళ్ళు కూడా తెరవని ఆ కూనలకు అక్క పాలు పట్టి, ఒళ్ళో పెట్టుకుని బతికించింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది. జూలోని సిమెంటు నీటితొట్టి దగ్గరికి తీసుకుపోతే చాలు, కీచుకీచుమంటూ ఆమె కుచ్చిళ్ళలో దూరేవి. నీళ్ళలో వేటాడి బతికే జాతి అది. ఈత రాకపోతే పెద్ద నీటికుక్కలుండే చెరువులోకి వదలలేం. బతికినన్నాళ్ళూ బోనులోనే ఉండాలి.

"చేపపిల్లకు ఈత నేర్పాలా అక్కా? అదే వస్తుందిలే" అన్నాను నేను, మహా తెలిసినట్టు.

"చేపపిల్లకి అక్కర్లా డాక్టరమ్మా, వీటికి కావాల. అమ్మ మెడ కరుచుకోని నీళ్ళలోకి ఈడిస్తేనే దిగేది ఇవి."

"అయితే ఆ అమ్మవి నువ్వే" అని ఆర్డరు వేసేశాను. నోటిమాటే కదా, నాదేం పోయింది! మర్నాడు ఆమె చీర ఎగదోపుకుని, మెట్టు మెట్టూ తడుముకుంటూ నడుములోతు నీళ్ళలోకి దిగింది. నేను గట్టు మీద నోటుపుస్తకంతో నిలబడి "ఇంకొంచెం లోపలికి పో అక్కా, అవే వస్తాయి" అంటూ సలహాలు. మూడు రోజులు అదే వరస. నాలుగో రోజు ఆమె కాలు జారింది. బుడుంగున మునిగి, ఎట్లాగో ఇనుప కమ్మీ అందుకుని, దగ్గుతూ పైకి తేలింది. ఆమెకు ఈత రాదని అప్పుడు తెలిసింది నాకు.

"రాదని ముందే చెప్పొచ్చు కదక్కా!" అని అరిచాను. నిజానికి ఆ కోపం నా మీదే.

"నువ్వడగలా, నేను చెప్పలా" అంది ముక్కు తుడుచుకుంటూ. "చిన్నప్పుడు కాలవలో మునిగినా. అప్పట్నించి నీళ్ళంటే దడ. పాపం, వీటికీ అంతే గదా. నేనే బయపడి గట్టున కూర్చుంటే వీటినెవరు దిగమంటారు?"

నోటుపుస్తకం పక్కన పడేసి, వేసుకున్న బట్టలతోనే నీళ్ళలోకి దిగాను. కాలేజీ రోజుల్లో ఈత నేర్చుకున్నదాన్ని, ఇన్నాళ్ళూ గట్టు మీద నిలబడ్డానే అని ఏడుపొచ్చింది. అక్క నడుముకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి, పొట్ట కింద చెయ్యి పెట్టి రోజూ పొద్దున్నే కాళ్ళు కొట్టించాను. యాభై దాటిన మనిషి. తోటపని చేసేవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు.

"ఏం మస్తాన్‌బీ, ఒలింపిక్సుకా?" అన్నాడొకడు.

"అవున్రా, నీక్కూడా ఒక మెడల్ తెస్తాలే. ముందు ఆ ఎరువు ఎత్తు!"

ఒకరోజు డబ్బా విప్పేసి, నా చెయ్యి వదిలించుకుని, తనంతట తనే నాలుగు బారలు ఈదింది. ఆమె దూరమవుతుంటే మెట్టు మీదున్న పిల్లలు గోల పెట్టాయి. ఆడపిల్ల దబ్బున దూకేసింది, దాని వెనకే మగపిల్ల. ఒక్క మునక వేసి తేలాయో లేదో, తోకలాడిస్తూ ఆమె చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి.

"సూడు డాక్టరమ్మా, నా బిడ్డలు! నా బిడ్డలు!" అని అక్క నవ్వుతూనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు. మరి కొన్ని వారాలకు అవి బతికున్న చేపల్ని సొంతంగా పట్టడం నేర్చి, పెద్ద చెరువులో చేరాయి.

నెలాఖరు రిపోర్టులో "ఈత నేర్చుకున్నవి" అన్నచోట "మూడు" అని రాశాను. పైఆఫీసు నుంచి ఫోనొచ్చింది. "వచ్చింది రెండు పిల్లలే కదమ్మా? దిద్ది పంపు" అన్నారు.

"లెక్క సరిగానే ఉంది సార్. ముగ్గురూ బాగా ఈదుతున్నారు" అన్నాను.

ఆ తర్వాత ఎన్నో రిపోర్టులు రాశాను. దిద్దమన్నవన్నీ దిద్దాను. ఆ ఒక్కటి మాత్రం ఇప్పటికీ దిద్దలేదు.